షీబా ఆపని రికార్డరు

భార్య సమాధి మీద మట్టి వెయ్యడానికి ఎజ్రా వరసలో అందరికంటే చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్లలో ఒక్కరికి కూడా అతను ఆమె భర్త అని తెలీదు. తెలియకూడదు కూడా.

రాజాంలో చర్చి వెనకున్న సమాధుల తోట అది. పొద్దెక్కకుండానే ఎండ మాడ్చేస్తోంది. పాస్టరుగారు గొడుగు కింద నిలబడే ప్రార్థన ముగించేశారు. ఎజ్రా ఒంటిమీద నీలం చొక్కా, జేబులో టెస్టరు, భుజాన గుడ్డసంచి, చేతిలో డిస్టిల్డ్ వాటర్ క్యాను. చూసినవాళ్లు ఎవరో ఇన్వర్టర్ మెకానిక్కు దారిన పోతూ ఆగాడనుకుంటారు. దారిన పోయేవాడు కూడా గుప్పెడు మట్టి వేసి వెళ్లొచ్చు, అక్కడెవరూ కాదనరు. ఆ పాటి మర్యాద అయినా దక్కినందుకు ఎజ్రా సంతోషించాడంటే నమ్మండి, అతని బతుకు అలాంటిది.

షీబా తల్లి జ్ఞానసుందరి ప్లాస్టిక్ కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. కంట తడి లేదు. విదేశీయుడి కార్లో తిరిగిన పిల్ల, చివరికి లారీ కింద పడి పోయిందని ఊరంతా చెవులు కొరుక్కుంటుంటే, ఆ తల్లికి ఏడవడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "అత్తయ్యా, నీ కూతురు అలాంటిది కాదు" అని చెప్పాలని ఎజ్రా ప్రాణం కొట్టుకుపోయింది. కానీ ఆమెకు అల్లుడొకడున్నాడనే తెలీదు.

మట్టి వేసి చెయ్యి దులుపుకుంటుంటే ఒక ముసలాయన పక్కకొచ్చాడు. తెల్ల పంచె, చంకలో బైబిలు.

"బ్రదర్, మా ఇంట్లో ఇన్వర్టరు ఊరికే కూత పెడతంది."

"కూతా అండీ, మూలుగా?"

"కూతే. మూలుగైతే డాక్టర్ని పిలిచీవాణ్ణి."

కోడ్ సరిపోయింది. ఆయన పేరు జ్ఞానానందం. చర్చి వాళ్లకి రిటైర్డ్ హెడ్మాస్టరు. పేరు బయటికి చెప్పుకోని ఒక విభాగానికి ఉత్తరాంధ్ర చీఫ్. ఎజ్రా, షీబా ఇద్దరూ ఆయన కింద ఏజెంట్లే. వాళ్లిద్దరికీ పెళ్లయిందని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

ఇద్దరూ పాత సమాధుల మధ్య నుంచి గోడ వైపు నడిచారు.

"ఏడుపొస్తే ఏడు. ఎండకి కళ్లు తుడుచుకున్నట్టే ఉంటాది," అన్నాడు చీఫ్.

"డ్యూటీ చెప్పండి సార్."

జ్ఞానానందం ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, తర్వాత బైబిలు తెరిచి వాక్యం చదువుతున్నట్టు నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఫెలిక్స్. పైకి జీడిపప్పు ఎగుమతి కంపెనీ, లోపల విదేశీ ముఠా. ఇక్కడే లక్ష్మణమ్మ అనే ఆవిడ మేడ అద్దెకి తీసుకున్నాడు. ఈరోజు సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు ఏదో ఒక ఫ్యాక్టరీలో ఫర్నేసు పేలిపోతాది. కూలింగ్ వాటర్ పైపు మీద టైమర్ పెట్టారు. నీళ్లాగితే కరిగిన లోహం ఎవర్నీ మిగల్చదు. దిగీ షిఫ్టు, ఎక్కీ షిఫ్టు, రెండూ అక్కడే ఉంటాయి."

"ఏ ఫ్యాక్టరీ?"

"అదే తెలీదు. గరివిడి చుట్టూ ఎన్ని ఫర్నేసులున్నాయో నీకూ తెలుసు. అన్నీ ఆపించండని పైవాళ్లని అడిగాను. ఆధారమేటి అన్నారు. కబురు పంపింది షీబా అనీసరికి నవ్వారు."

ఆ నవ్వుకి కారణం ఎజ్రాకి తెలుసు. ఫెలిక్స్ ముఠాలోకి షీబాను పంపింది విభాగమే. ముఠా దృష్టిలో ఆమె విభాగం రహస్యాలు అమ్ముకునే మనిషి. ఆమె ఎర్ర చీర కట్టి, నల్ల కళ్లజోడు పెట్టుకుని స్కూటరు మీద మెయిన్ రోడ్డున వెళ్తే బంగారం కొట్ల వాళ్లు బేరం ఆపి చూసేవాళ్లు. ఆ హంగు చూసే ఫెలిక్స్ నమ్మాడు. గ్రహచారం బాగోక, ఆ హంగు చూసి విభాగం కూడా నమ్మింది. ఒడిశా సరిహద్దులో మన ఏజెంట్లిద్దరు దొరికిపోవడంతో, షీబా నిజంగానే అమ్ముడుపోయిందని పైవాళ్లు తేల్చేశారు. ఎజ్రాకి ఏనాడూ అనుమానం రాలేదని చెప్తే అది అబద్ధం. వచ్చింది. వచ్చినందుకు తనని తాను తిట్టుకున్నాడు కూడా.

"చివరి కబురులో ఏమంది?" అడిగాడు.

"'ఫ్యాక్టరీ పేరు ఈవేళ ఫెలిక్స్ చెప్తాడు. రికార్డరు ఆన్‌లోనే ఉంది. నేను బయటికి రాలేకపోతే, తీగ లాగకుండా మిషను ఆపండి.' అంతే. మర్నాడు చీపురుపల్లి రోడ్డు మీద లారీ కింద దొరికింది. లారీ ఆగలేదు."

ఎజ్రా గోడ పట్టుకున్నాడు. చీఫ్ అది చూడనట్టే కొనసాగించాడు.

"జాగర్తగా విను. ఆ మేడ మీద ఫెలిక్స్ సర్వర్ వెనక షీబా ఒక చిన్న డ్రైవ్ పెట్టింది. గోరంత ఉంటాది. మైకు కూడా అందులోనే. దాన్ని మిషన్‌లో మౌంట్ చేసింది, అంటే ఆ సర్వర్‌కి జతచేసింది. కానీ డ్రైవ్ మీద ఏదైనా రాసినప్పుడల్లా దాని లైటు మినుకుమంటాది, పట్టుబడిపోతాది. అందుకని ఆమె ప్రోగ్రాం విన్నదంతా మిషను మెమరీలోనే దాచుకుంటాది. మూసీటప్పుడు మాత్రం ఒక్కసారే డ్రైవ్ మీద రాస్తాది. ఆమె పోయింది గానీ ఆ ప్రోగ్రాం ఇంకా నడుస్తానే ఉంది. దాన్ని మూసినోళ్లు లేరు."

"అంటే డ్రైవ్ ఊడబెరికి తెచ్చేస్తే..."

"ఖాళీ డ్రైవ్ వస్తాది. సాలూరు యార్డులో లోడింగ్ చూడలేదేటి? బస్తాలు ఎక్కుతుండగా లారీ కదిపేస్తే, హమాలీ భుజం మీదున్న బస్తా నేలపాలు. మిషన్ని పద్ధతిగా ఆపితే, ముందు ప్రోగ్రాములన్నిటికీ ఇంక కట్టేయండని కబురు పెడతాది. చేతిలో ఉన్నదంతా అవి డ్రైవ్ మీద రాసేసి తప్పుకుంటాయి. ఎవరూ వాడటం లేదని చూసుకున్నాకే మిషను డ్రైవ్‌ని విడదీస్తాది. దాన్నే అన్‌మౌంట్ అంటారు. కరెంటు ఆపుకునీది ఆ తర్వాతే."

"తీగ లాగితే?"

"షీబా మాటలు ఉండవు. ఆ ఫ్యాక్టరీ పేరూ ఉండదు. పోలీసుల్ని పంపకపోడానికి కారణం అదే. అక్కడ త్రినాథ్ అని ఒక కాపలావాడున్నాడు. పోలీసులు కనబడినా, ఎవరైనా కీబోర్డు ముట్టుకున్నా తీగ లాగెయ్యమని వాడికి ఆర్డరు."

"మరి నేనెలా ఆపాలి?"

చీఫ్ బైబిలు మూసి, జేబులోంచి సబ్బుబిళ్లంత పెట్టె ఒకటి తీసిచ్చాడు. ల్యాబ్ కుర్రాళ్లు దానికి అబద్ధాలపెట్టె అని పేరు పెట్టారు. యూపీఎస్‌కీ సర్వర్‌కీ మధ్య తీగలో దీన్ని కలిపి మీట నొక్కితే, బ్యాటరీ అయిపోతోందని అది సర్వర్‌కి చెప్తుంది. సర్వర్ నమ్మి, తనంతట తనే పద్ధతిగా ఆగిపోతుంది. పాస్‌వర్డు అక్కర్లేదు.

"పొద్దున్నుంచీ ఆ వీధికి మాటిమాటికీ కరెంటు తీయించాను. యూపీఎస్ కూత పెడతంది. దాని మీద సర్వీసు స్టిక్కరు షీబా అతికించిందే, నంబరు మనది. ఇందాకే త్రినాథ్ దానికి ఫోన్ చేశాడు. ఇంక కరెంటు పోదు, సబ్‌స్టేషన్‌లో చెప్పించాను. వెళ్లు."

ఎజ్రా వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లాడు. తిరిగితే వెళ్లలేడు.

*

లక్ష్మణమ్మ ఇంటి ముందు వాకిట్లో చాపల మీద మామిడి తాండ్ర ఎండుతోంది. ఆమె అరుగు మీద కూర్చుని కాకుల్ని తిడుతోంది. మెకానిక్‌ని చూసి ప్రాణం లేచొచ్చినట్టు మొహం పెట్టింది.

"నువ్వేటి బాబూ ఆ డబ్బా బాగుసేసీవోడివి? పొద్దున్నుంచి కుయ్యి కుయ్యిమని బుర్ర తినేస్తంది. బేగి ఎల్లు."

మేడ మీద తలుపు తీసినవాడు త్రినాథ్. పాతికేళ్లుంటాయి. చొక్కా కింద నడుము దగ్గర పిస్టల్ ఎత్తుగా కనబడుతోంది. లోపల ఏసీ గది. మూలన ఇనప రాక్‌లో సర్వరు, దాని ముందు తెర, పక్కన నేలమీద యూపీఎస్, రెండు పెద్ద బ్యాటరీలు.

"కీబోర్డు జోలికెల్లకు. మిగతాది నీ ఇష్టం," అన్నాడు త్రినాథ్.

"కీబోర్డుతో నాకేటి పని బాబూ. బ్యాటరీలు కడిగి నీళ్లు పోసి పోతాను. ఓ పాత గుడ్డా, బకెట్టు నీళ్లూ ఇప్పించండి. ఆసిడ్డు పడితే గచ్చు పాడైపోతాది, కింద ముసిలమ్మ నన్ను తిడతాది."

త్రినాథ్ విసుక్కుంటూ కిందికి దిగాడు.

ఎజ్రా రాక్ వెనక్కి వంగి చూశాడు. తీగల గుంపులో గోరంత డ్రైవ్. చీకట్లో వేలితో తడిమితే తెలిసేలా దాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టి ఉంది. అది షీబా రంగే. గోళ్లకి వేసుకునేటప్పుడు గది నిండా ఆ వాసన కొడుతుందని అతను గోల పెట్టేవాడు. ఆమెతో చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"వచ్చానే," అన్నాడు మెల్లగా. బ్యాటరీ మూత తీసి లోపలికి చూశాడు. "సుక్క నీళ్లు నేవు ఇందులో. ఇంతమందున్నారు, ఒక్కలైనా సూసుకోరేటే ఇక్కడ."

మెట్ల మీద చప్పుడైంది. చేతి వెనకతో కళ్లు తుడుచుకున్నాడు.

త్రినాథ్ బకెట్టు దించేసరికి అబద్ధాలపెట్టె తీగలో కలిసిపోయింది. ఎజ్రా బ్యాటరీల బోల్టులు విప్పి, రెండు తీగలూ ఊడదీసి నేలమీద పెట్టాడు. బ్యాటరీలు విప్పి ఉన్నాయి కాబట్టి మిషను ఆగిందని వీడు అనుకోవాలి. అదీ పథకం.

"బ్యాటరీలు విప్పినాను. మిషను తనే ఆగుతాది, మళ్లీ తనే లెగుస్తాది. కంగారు పడకండి."

"సార్‌కొక మాట సెప్పాల," అని త్రినాథ్ ఫోన్ తీశాడు. అవతల రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. అసహనంగా తలూపాడు. "సరే, కానీ."

ఎజ్రా మీట నొక్కాడు.

తెర మీద వరసలు మొదలయ్యాయి. ఒక్కో ప్రోగ్రాం ఆగినట్టు ఒక్కో వరస. చకచకా పైకి జరిగిపోతున్నాయి. ఉన్నట్టుండి ఒక వరస దగ్గర నిలిచిపోయింది. ఒక ప్రోగ్రాం ఇంకా మూతపడలేదు, దాని కోసం ఆగి ఉన్నాను అంటోంది మిషను. మామూలుగా అయితే కాసేపు చూసి పీక నొక్కేస్తుంది. షీబా తన ప్రోగ్రాముకి ఆ గడువు తీసేసింది. ఎంతసేపైనా ఆగాల్సిందే.

రాక్ వెనక నుంచి గోడ మీద ఎర్రటి మినుకు పడింది. ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టి ఉన్న చిన్న డ్రైవ్ ఇప్పుడు రాసుకుంటోంది. షీబా విన్నవన్నీ, అన్నవన్నీ. తొందరపెట్టడానికి లేదు. ఎజ్రా గుడ్డతో బ్యాటరీ తుడుస్తూ కూర్చున్నాడు.

అప్పుడు కిటికీలో వెలుగు తగ్గింది.

అతను తలెత్తాడు. పార్వతీపురం వైపు నుంచి మబ్బు మేడ మీదికి వచ్చేసింది. దూరంగా ఉరిమింది. కింద వాకిట్లో లక్ష్మణమ్మ చాపలు లాక్కుంటూ "అర్జునా, ఫల్గుణా" అంటోంది. తర్వాత ఆమె అడుగులు గుమ్మం వైపు నడిచాయి. గుమ్మం పక్కనే మీటర్ బోర్డు ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. వేసవిలో మధ్యాహ్నం మొదటి ఉరుము వినబడగానే ఇంటింటా చేసే పని ఒకటే, మెయిన్ స్విచ్ దించెయ్యడం. తాటిచెట్ల మీదా, పొలంలో మనుషుల మీదా పిడుగులు పడే నేల ఇది. చీఫ్ సబ్‌స్టేషన్‌లో చెప్పించాడు. లక్ష్మణమ్మకి ఎవరు చెప్పారు? అందులోనూ బ్యాటరీలు విప్పేసింది ఎజ్రాయే. దుఃఖంలో మబ్బు సంగతే చూసుకోలేదు. ఆ స్విచ్ కిందికి పడితే గోడ మీద ఆ ఎర్ర మినుకు ఆగిపోతుంది, షీబా రెండోసారి చచ్చిపోతుంది.

"అమ్మా, మెయిన్ తియ్యొద్దు," అని కిటికీలోంచి అరిచాడు.

"పిడుగు పడతాది నాయనా. టీవీ కాలిపోతే నువ్వు కొంటావేటి?"

ఎజ్రా నేలకి ఒరిగి బ్యాటరీ తీగలు రెండూ అందుకున్నాడు. బోల్టులు రాక్ కిందికి దొర్లిపోయాయి. వెతికే వ్యవధి లేదు. ఒక చేత్తో ఒక తీగ, రెండో చేత్తో రెండో తీగ, బ్యాటరీ మొనల మీద బొటనవేళ్లతో అదిమిపట్టాడు. చిటపటమని రవ్వలు లేచాయి.

కింద టక్కుమంది. ఏసీ ఆగింది. ఫ్యాను ఆగింది. గది చీకటైంది. ఎజ్రా చేతుల్లో వేడి పుట్టింది. తెర వెలుగు అలాగే ఉంది. గోడ మీద మినుకు పడుతూనే ఉంది.

అప్పుడు మోగింది త్రినాథ్ ఫోను.

"సార్... అవును సార్. మెకానిక్ సార్... మిషను ఆగతంది సార్." అవతలి గొంతు ఇంగ్లీషులో గట్టిగా అరవడం ఎజ్రాకి కూడా వినబడింది. త్రినాథ్ ఫోను దించి పిస్టల్ తీశాడు. "నన్నడక్కుండా మెకానిక్కుని ఎందుకు పిలిసినావంటన్నారు. తీగ లాగెయ్యమన్నారు. నువ్వు జరుగు."

"జరగలేను. నా సేతులు ఖాళీ నేవు," అన్నాడు ఎజ్రా. అరచేతుల్లో చర్మం కమురు వాసన వేస్తోంది. "నువ్వు లాగితే ఆపడానికి కూడా నాకు సేతులు నేవు. ఒక్క మాట ఇని లాగు. ఈ సాయంత్రం షిఫ్టు మారీటప్పుడు ఒక ఫర్నేసు పేలిపోతాది. మీ సార్ పేలుస్తన్నాడు. ఏ ఫ్యాక్టరీయో అదిగో, ఆ దీపం రాసుకుంటంది. మీవోలెవరైనా ఫర్నేసు కాడ పనిసేస్తన్నారేటి?"

ఆ చుట్టుపక్కల ఏ ఇంటికెళ్లి అడిగినా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. త్రినాథ్ చెయ్యి తీగ దాకా వచ్చి ఆగింది.

"మా బావ. గరివిడి కాడ. సాయంత్రం షిఫ్టుకే ఎల్తాడు."

"ఏ ఫ్యాక్టరీ పేలుస్తారో మీ సార్ నీకు సెప్పినాడేటి?"

"నేదు."

"ఎందుకు సెప్పలేదో ఆలోసించు మరి."

మళ్లీ ఉరిమింది. వాన మొదలైంది. త్రినాథ్ గోడ మీద ఎర్ర మినుకునే చూస్తున్నాడు.

"మేడమ్మని ఈ గదిలోనే అడిగినారు," అన్నాడు. "నాను గుమ్మం బయట ఉన్నాను. నాకు జొరమొస్తే మాత్రలు తెచ్చిచ్చిన మనిషావిడ. నాను లోపలికెల్లలేదు." ఎజ్రా వైపు తిరిగాడు. "ఆవిడ నీకేటవుతాది?"

ట్రైనింగులో ఎజ్రాకి మొట్టమొదట నేర్పిన సంగతి ఇదే. గోళ్లు పీకినా సరే, నీ మనుషుల్ని నీ మనుషులని ఒప్పుకోకు. నిన్నటిదాకా ఒప్పుకోలేదు. పొద్దున సమాధి దగ్గర తల్లి ఎదుట కూడా ఒప్పుకోలేదు.

"నా ఇల్లాలు," అన్నాడు.

ఫోను మళ్లీ మోగింది. త్రినాథ్ దాన్ని కట్ చేసి జేబులో పడేశాడు. పిస్టల్ నేలమీద పెట్టి, తడిగుడ్డ చేతికి చుట్టుకుని ఎజ్రా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇటియ్యి. ఒకటి నాను పడతాను."

ఇద్దరూ చెరో తీగ అదిమిపట్టి కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నారో తర్వాత ఇద్దరిలో ఒక్కడూ చెప్పలేకపోయాడు. గోడ మీద మినుకు ఆగింది. తెర మీద ఆగిపోయిన వరస కదిలింది. షీబా ప్రోగ్రాం మూతపడింది. దాని కింద ఇంకో వరస పడింది, డ్రైవ్ విడదీశానని. చివరికి తెర నల్లబడి, సర్వర్ లోపలి ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది.

అప్పుడు లాగాడు ఎజ్రా డ్రైవ్‌ని. బొబ్బలెక్కిన వేళ్లకి అది ఇంకా వెచ్చగా తగిలింది.

*

వీధి చివర వానలో మినరల్ వాటర్ వ్యాను ఆగి ఉంది. లోపల నీళ్ల డబ్బాల వెనక చీఫ్ కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవ్ పెట్టగానే తెరుచుకుంది. ఒక్క ముక్క కూడా పోలేదు. షీబా చనిపోయిన రోజుకి జరిపి వింటే, ఫెలిక్స్ తన గొంతుతో తనే చెప్తున్నాడు ఫ్యాక్టరీ పేరు, మూడో ఫర్నేసు, పంపు హౌస్ వెనక వాల్వు. అది గరివిడి అవతలి ఫ్యాక్టరీ. త్రినాథ్ బావ పనిచేసేది కూడా అక్కడే.

చీఫ్ పైవాళ్లకి ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు. "ఆధారం దొరికింది. మీ చెవుల్తో మీరే వినండి." ఫోన్ని స్పీకరుకి ఆనించాడు.

సాయంత్రం విభాగం మనిషి పంపు హౌస్ వెనక టైమరు తీగ కత్తిరిస్తుంటే, పైన షిఫ్టు సైరన్ మోగడం ఫోన్లో వీళ్లకి వినబడింది. సైరన్ మోగి ఆగింది. తర్వాత ఏమీ పేలలేదు. ఎక్కే షిఫ్టు లోపలికి పోయింది, దిగే షిఫ్టు సైకిళ్లు తీసుకుని ఇళ్లకి బయల్దేరింది. తాము ఏం తప్పించుకున్నారో వాళ్లలో ఒక్కరికీ తెలీదు. విశాఖ విమానాశ్రయంలో బోర్డింగ్ వరసలో నిలబడ్డ ఫెలిక్స్‌ని అదే సమయానికి ఇద్దరు మనుషులు పలకరించారు.

*

మర్నాడు విజయనగరంలో, పైకి ట్యుటోరియల్ కాలేజీ బోర్డున్న ఒక ఇంట్లో, ఎజ్రా రెండు చేతులకీ కట్లతో కూర్చుని మిగతా రికార్డింగు విన్నాడు. ఎదురుగా జ్ఞానానందం.

ఒడిశా సరిహద్దులో ఇద్దర్ని పట్టిచ్చింది ఎవరో అందులో ఉంది. షీబా కాదు. పైవాళ్లు ఆమె పేరు పక్కన రాసిన 'ద్రోహి' అన్న మాట కొట్టేశారు. అంతే. ఆ కొట్టివేత కూడా రహస్యమే.

చివరి రోజు సంభాషణ వచ్చింది. ఫెలిక్స్ ఇంగ్లీషులో అడుగుతున్నాడు. మీ విభాగంలో నీ మనిషి ఎవరు, పేరు చెప్పు, ప్రాణాలతో వదిలేస్తాను. షీబాకి ఇంగ్లీషు అతని కంటే బాగా వచ్చు. అయినా తెలుగులో జవాబిచ్చింది. డ్రైవ్ తనకి ఎంత దగ్గర్లో ఉందో, ఆ మాటలు చివరికి ఎవరి చెవిన పడాలో ఆమెకి తెలుసు.

"నాకెవలూ నేరు. పెళ్లి కానేదు. ఎన్నిసార్లడిగినా ఇదే మాట."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. నాలుగోసారికి గొంతు బొంగురుపోయింది గానీ మాట మారలేదు. తర్వాత కుర్చీ పడిన చప్పుడు, తలుపు చప్పుడు. ఎజ్రా కట్టు కట్టిన చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చీఫ్ ఆపలేదు, ఓదార్చలేదు. మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపాడు.

"నిన్న రాత్రి జ్ఞానసుందరిగారింటికి ప్రార్థనకి వెళ్లాను," అన్నాడు కాసేపటికి. "నీ కూతురు చాలామందిని బతికించి పోయిందమ్మా అని చెప్పాను. రూల్ ప్రకారం చెప్పకూడదు. నా మీద రిపోర్టు రాస్తావేటి?"

"ఆవిడ ఏమన్నారు సార్?"

"అప్పుడేడ్చింది."

రికార్డింగు ఇంకా నడుస్తోంది. ఖాళీ గది. ఏసీ చప్పుడు, కింద నుంచి లక్ష్మణమ్మ కాకుల్ని తిట్టడం, యూపీఎస్ కూత. చీఫ్ ముందుకి జరుపుతూ పోయి ఒకచోట ఆపాడు.

"ఇదంతా కాగితం మీద పెడుతున్నది మన ఆఫీసు అమ్మాయి దుర్గాభవాని. చివర్లో ఎవరో మెకానిక్కు తనలో తను గొణుక్కున్నాడు, కేసుకి సంబంధం లేదు, కత్తిరించేయాలా అని అడుగుతంది."

మీట నొక్కాడు. ఎజ్రా తన గొంతు తనే విన్నాడు. వచ్చానే, అంటోంది ఆ గొంతు.

"ఉంచండి సార్," అన్నాడు. "ఇద్దరం కలిసి ఒక్క ఫొటో కూడా తీయించుకోలేదు. మేమిద్దరం ఒకేచోట ఉన్నది ఇందులోనే."

జ్ఞానానందం కళ్లజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచాడు. తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉంచుతాన్లే. కానీ ఒరే ఎజ్రా, పెళ్లాంతో ఆఖరిసారి మాటాడతా, బ్యాటరీ నీళ్ల గురించేట్రా?"